అక్షరాల తూకం

నవంబరు చివర జాండామ్‌లో
గాలికి కోకో వాసన.
కొత్తగా దిగినవాళ్ళు వంతెన మీద ఆగి ముక్కు ఎగబీలుస్తారు.
ఊరివాళ్ళకి అది వానలాంటిది,
ఆగినప్పుడే గుర్తొస్తుంది.

సెయింట్ నికోలస్ పండగ ఇంకా తొమ్మిది రోజులు.
సూపర్‌మార్కెట్ నడవా పొడుగునా చాక్లెట్ అక్షరాలు.
ఏ పిల్లకి ఏ పేరో, ఆ పేరు మొదటి అక్షరం
తెల్లారేసరికి బూటులో ఉండాలి.
క్షరం కానిదే అక్షరమంటారు గాని
ఇవి నాలుక మీద రెండు నిమిషాలు.

వీట్స్కే చేతిలో చీటీ:
మీస్‌కి ఎం, ఇల్సెకి ఐ,
యోరిట్‌కి జె, తెస్సెల్‌కి టి.
ఎం ఎంత వెడల్పు, ఐ ఎంత బక్క!
తూకం మాత్రం ఒకటే.
ఐ ని దళసరిగా పోస్తారు,
తోడబుట్టినవాళ్ళు కొట్టుకోకుండా.
గ్రాము తేడా రాని న్యాయం
ఈ ఊరికి చేతకాకపోలేదు.

ఆమె తండ్రి గెర్బెన్ రేవులో బస్తాలు మోసేవాడు.
ఒక ఖాళీ గోనె తెచ్చి గుమ్మం ముందు పరిచాడు.
దాని మీద నల్లరంగు అచ్చు: టకోరాడి.
ఇంగ్లీషు బడి అచ్చులా ఎనిమిది పెద్ద అక్షరాలు.
బూట్లు తుడుచుకుంటూ తుడుచుకుంటూ
వాటి మీదే ఆమె చదవడం నేర్చుకుంది.
అది ఒక ఊరి పేరని తెలిసేసరికి
పన్నెండేళ్ళొచ్చాయి, గోనె చిరిగిపోయింది.
తెస్సెల్ టి అందులో మొదటిది,
ఇల్సె ఐ ఆఖరిది.

పెట్టె వెనక్కి తిప్పింది. కళ్ళజోడు పైకి నెట్టింది.
ఒక ఆకు బొమ్మ, ఒక అరచెయ్యి బొమ్మ,
చీమ తలంత అక్షరాల్లో
"బాధ్యతతో సేకరించబడినది."
కర్మ ఉంది, క్రియ ఉంది,
కర్త ఏడీ?

అక్కడే నిలబడి, కింద ఉన్న నంబరుకి ఫోను చేసింది.
పదకొండు నిమిషాలు పియానో.
తర్వాత ఒక అమ్మాయి, మర్యాదగా:
"గొలుసు చాలా పొడవండీ, మొదలు చెప్పడం కష్టం."
గొలుసు!
ఎంత తేలిగ్గా అనేసింది ఆ మాట.

నాలుగు అక్షరాలూ అరలో తిరిగి పెట్టేసింది,
వరస తప్పకుండా.

వంతెన అవతల డెలాలి కొట్టు.
అక్కడ అక్షరాలుండవు, పలకలే,
ఒక్కోటి అయిదున్నర యూరోలు.
"ఇది మంచిదేనా?" అని అడిగింది వీట్స్కే,
చేపల అంగడిలో అడిగినట్టు.
డెలాలి వెంటనే అవుననలేదు.
"మా పెదనాన్న కొడుకు తోటది. ధర ఎక్కువే ఇస్తాను.
పిల్లలు బడికి పోతారు.
కోతల వారం పోరు. నీకు అబద్ధం చెప్పను."
వీట్స్కే పర్సు తెరిచి, మూసి,
మళ్ళీ తెరిచింది.
రెండు పలకలు కొంది. మూడోదానికి
బస్సు డబ్బులు అడ్డొచ్చాయి.

రాత్రి కాగితం పరిచి, కరిగించి, చెంచాతో పోసింది.
జె మెడ వంకర. టి నడుం వాలింది.
వంటింటి త్రాసులో ఒక్కోటీ తూచి
ఇల్సె ఐ కి ఇంకో అరచెంచా కలిపింది.
గిన్నె అడుగున కాస్త మిగిలింది,
అయిదో అక్షరం చిన్నది వస్తుంది.
ఎవరి పేరుతో?
పేరు తెలిస్తే కదా మొదటి అక్షరం.
కాసేపు చూసి, చెంచా నాకేసింది.
చేదుగానే ఉంది, బాగుంది.

పొద్దున్న మీస్ మొహం ముడుచుకున్నాడు:
"నా ఎం ఎందుకింత పల్చన?"
"ఖరీదైంది కాబట్టి."
వాడు నమ్మలేదు.
కుడికాలు పుటుక్కున విరిచి నోట్లో వేసుకున్నాడు,
మిగిలింది ఎత్తి చూశాడు.
ఎం కాస్తా ఎన్ అయింది.

"అమ్మమ్మా, ఎన్ అంటే ఎవరు?"